ముసురులో దండెం



ముసురు పట్టి రెండు రోజులు దాటిందంటే తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా ఇల్లంతా దండేలే. కిటికీ ఊచలకి తువ్వాళ్ళు, కుర్చీల మీద లంగాలు, తలుపు రెక్క మీద పంచె, మంచం కోడుకి పిల్లవాడి సాక్సులు. పొద్దున ఆరేసిన బట్ట సాయంత్రం ముట్టుకుంటే చల్లగానే తగులుతుంది. మర్నాటికి ముక్క వాసన మొదలవుతుంది. బడికి పోయే పిల్లకి యూనిఫాం కావాలి, డ్యూటీకి పోయే మనిషికి చొక్కా కావాలి, మంచాన పడ్డ పెద్దాయనకి దుప్పటి మార్చాలి. ఇవేవీ వాన వెలిసేదాకా ఆగే పనులు కావు. వేడిగాలితో బట్టలారబెట్టే యంత్రాలు ఉన్నాయి గానీ, వాటిని కొనే స్తోమత అందరికీ ఉండదు. కొన్నా, రెండు గదుల ఇంట్లో పెట్టుకునే చోటుండదు. ఆ యంత్రం లేకుండానే ఒక రాత్రిలో ఇంట్లో బట్టలు ఆరతాయి. ఎలాగో, ఎందుకలాగో ఈ కాసేపు మాట్లాడుకుందాం.

ముందు మన ఊళ్ళ గాలి గురించి. తెనాలి ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పారతాయి, చుట్టూ వరి మాగాణి. బాపట్ల నుంచి సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లు. రేపల్లె దాటి దిగువకు పోతే కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది, నిజాంపట్నం వైపు పోతే రొయ్యల చెరువులు. నీళ్ళ మధ్య కాపురాలు మనవి. వాన లేని రోజున కూడా ఇక్కడ గాలిలో తేమ తరచు 80 శాతం దాటుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, అవి తగ్గీ తగ్గగానే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు వానలు, వాయుగుండాలు. రోహిణి కార్తెలో గంటలో పెళపెళలాడే చీర, కార్తీక మాసంలో రెండు రోజులు వేలాడినా చెమ్మ వదలదు. ఎండ ఉన్న రోజుల్లో మనం ఆలోచించక్కర లేని విషయాలన్నీ ఈ ఏడు నెలలూ ఆలోచించాలి.

ఇప్పుడు చిన్న లెక్క చెబుతాను. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడుగు, పది అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకోండి. మన ఇళ్ళల్లో మామూలు గది. లోపల వేడి 30 డిగ్రీలు ఉంటే, ఆ గదిలోని గాలి మొత్తం కలిపి సుమారు ఒక లీటరు నీటిని మాత్రమే ఆవిరి రూపంలో మొయ్యగలదు. అంతకు మించి మోయలేదు. తేమ 80 శాతం ఉందంటే ఆ లీటరులో ఎనిమిది వందల మిల్లీలీటర్లు అప్పటికే గాలిలో ఉన్నాయన్న మాట. ఇక మిగిలిన చోటు రెండు వందల మిల్లీలీటర్లు. ఒక గ్లాసు నీళ్ళు! మనం దండెం మీద వేసిన బట్టల్లో ఎన్ని నీళ్ళున్నాయి? నలుగురున్న ఇంట్లో ఒక వాయి బట్టలు బాగా పిండి వేసినా మూడు లీటర్లకు తక్కువ ఉండవు. మూడు లీటర్ల నీళ్ళు ఒక గ్లాసులో పట్టాలంటే ఎట్లా పడతాయి?

కాబట్టి తలుపులు, కిటికీలు బిగించి, గదిలో బట్టలు ఆరేసి, పొద్దునకి ఆరలేదే అనుకుంటే లాభం లేదు. గ్లాసు నిండగానే ఆరడం ఆగిపోతుంది. ఆ గదిలోని గాలి కనీసం పదిహేను సార్లు పూర్తిగా మారితే తప్ప ఆ బట్టలు ఆరవు. ఫ్యాను తిప్పినా సరే, మూసిన గదిలో ఫ్యాను అదే తడిగాలిని మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. బట్టలు ఆరడం గురించి నేను చెప్పబోయే వాటిల్లో ఒక్కటే గుర్తు పెట్టుకోగలిగితే ఇది గుర్తు పెట్టుకోండి: గాలికి లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి రెండూ ఉండాలి.

బయట వాన కురుస్తోంది కదా, కిటికీ తీస్తే ఇంకా తేమ లోపలికి వస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. బయట వానలో 25 డిగ్రీలు ఉందనుకోండి, తేమ 95 శాతం. ఆ గాలి లోపలికొచ్చి, మనుషులూ పొయ్యీ ఫ్రిజ్జూ ఉన్న ఇంట్లో 29 డిగ్రీలకు వేడెక్కితే, అదే గాలిలో తేమ సుమారు 75 శాతానికి దిగుతుంది. నీరు తగ్గలేదు, వేడెక్కిన గాలికి మోసే శక్తి పెరిగింది, అంతే. మూసిన గదిలో ఆరేసిన బట్టల చుట్టూ ఉన్న గాలి ఏకంగా 90, 95 దగ్గర నిలబడి ఉంటుంది. దానికంటే ఇది ఎంతో నయం. అందుకని జల్లు కొట్టే వైపు కిటికీ మూయండి, రెండో వైపుది తీయండి. మనకి కార్తీక మార్గశిరాల్లో వాన గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుంది. పడమటి, దక్షిణపు కిటికీలు తీసి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే వేసి, మధ్యలో దండెం ఉండేలా చూడండి. పాత ఇళ్ళల్లో గోడ పైభాగాన వెంటిలేటర్లు పెట్టేవాళ్ళు. చాలా ఇళ్ళల్లో దోమల కోసం వాటికి అట్టముక్కలు అడ్డం పెట్టేశారు. ఆ అట్టలు తీసి దోమతెర గుడ్డ కొట్టించండి. కప్పు కిందికి చేరిన వెచ్చటి తడిగాలి బయటికి పోయే దారి అదే.

ఇక నీళ్ళు తియ్యడం. దండెం ఎక్కక ముందే బట్టలోంచి ఎన్ని నీళ్ళు పోతే అంత మేలు. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు ముప్పాతిక యూనిట్ కరెంటుకి కాస్త తక్కువ వేడి కావాలి. ఆ వేడి ఎక్కడి నుంచో రావాలి, గది గాలిలోంచే రావాలి. అదే లీటరు నీటిని పిండి పడేస్తే మిషన్‌కి కొద్ది నిమిషాల పని, మనిషికి కాస్త చేతి సత్తువ. మన ఇళ్ళల్లో సెమీ ఆటోమేటిక్ మిషన్లు ఎక్కువ. పక్కన గిర్రున తిరిగే చిన్న తొట్టిని డ్రయ్యర్ అంటాం. అది నిజానికి ఆరబెట్టదు, పిండుతుంది. కానీ నిమిషానికి 1300 చుట్లు తిరిగే ఆ తొట్టి మామూలు టాప్ లోడ్ మిషన్ కంటే గట్టిగా పిండుతుంది. చాలామంది ఒకసారి తిప్పి తీసేస్తారు. ముసురులో అట్లా కాదు. ఒకసారి తిప్పి, బట్టలు బయటికి తీసి, ఒక్కొక్కటే ఝాడించి విప్పి, మళ్ళీ తొట్టిలో సమంగా సర్ది ఇంకోసారి తిప్పండి. ముద్దకట్టిన చోట్ల ఇరుక్కున్న నీళ్ళు అప్పుడు వదులుతాయి. తొట్టి కింద గొట్టంలోంచి రెండోసారి ఎన్ని నీళ్ళు వస్తాయో ఒకసారి గిన్నె పెట్టి చూడండి, మీకే నమ్మకం కుదురుతుంది.

మిషన్ లేని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. చేత్తో పిండిన నూలు బట్టలో దాని బరువుకి దాదాపు సమానంగా నీళ్ళు ఉండిపోతాయి. దీనికి మంచి ఉపాయం పొడి తువ్వాలు. బాగా ఆరిన మందపాటి తువ్వాలు పరిచి, దాని మీద తడి చొక్కా పరిచి, రెండూ కలిపి చాపచుట్టలా చుట్టి, ఆ చుట్టని మెలిపెట్టి పిండండి. లేదా నేల మీద పెట్టి మోకాలితో అదమండి. తువ్వాలు తడిసిపోతుంది, చొక్కా సగం ఆరినట్టు బయటికొస్తుంది. రేపు పొద్దునకి కావలసిన యూనిఫాంకి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు. చీరలు, దుప్పట్లు మాత్రం ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పాలి. ఒక్కరి చేతుల్లో అయ్యే పని కాదు. ఈ పని ఇంట్లో ఆడవాళ్ళ మీదే పడి ఉంటోంది, అది న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. దుప్పటికి రెండో కొస పట్టుకోవలసింది ఇంట్లో ఉన్న మగవాళ్ళు, మగపిల్లలు.

ఇప్పుడు మన తీరప్రాంతానికి మాత్రమే ప్రత్యేకమైన సంగతి. దీని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు, అందుకే నేను కొంచెం ఎక్కువ చెబుతాను. సముద్రానికి దగ్గరి పల్లెల్లో, రేపల్లె దిగువన, నిజాంపట్నం చుట్టుపక్కల, సూర్యలంక దారిలో చాలా బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. తాగడానికి చెరువు నీళ్ళో, కొనుక్కున్న క్యాన్ నీళ్ళో. ఉతకడానికి మాత్రం బోరు నీళ్ళే. వంటింట్లో కల్లుప్పు జాడీ ముసురు రోజుల్లో ఏమవుతుందో మీకు తెలుసు. మూత తీసి పెడితే చెమ్మగిల్లి అడుగున నీరు ఊరుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మనం తినే ఉప్పు గాలిలోని నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది మరీ ఆత్రం కలది. తేమ 35 శాతం ఉన్నా చాలు, నీరు లాగేస్తుంది.

ఉప్పునీళ్ళలో జాడించిన బట్ట ఆరినప్పుడు ఆ ఉప్పంతా దారాల మధ్యలోనే మిగిలిపోతుంది. ఇక ఆ బట్ట తనంతట తనే గాలిలోంచి తేమ తాగుతూ ఉంటుంది. మధ్యాహ్నం ఆరినట్టనిపించిన తువ్వాలు రాత్రికి మళ్ళీ చెమ్మగా తగులుతుంది. మీరు ఎంత పిండినా, ఎంత ఫ్యాను వేసినా ఆ చెమ్మ పూర్తిగా పోదు, ఎందుకంటే అది నీళ్ళ తడి కాదు, ఉప్పు తెచ్చిన తడి. వేటకి పోయొచ్చిన మత్స్యకారుల బట్టలకి ఈ బాధ ఇంకా ఎక్కువ. సముద్రపు గాలికి ఎదురుగా ఉన్న ఇళ్ళల్లో ఎప్పుడూ దండెం మీదే ఉండే బట్టలకీ ఇదే అవస్థ.

దీనికి మందు ఉంది, అదీ ఆ వానలోనే ఉంది. వాన నీటిలో ఉప్పు దాదాపు ఉండదు. డాబా మీద నుంచి పడే నీళ్ళు, పెంకుల చూరు నుంచి జారే ధార. మొదట వచ్చే మురికి నీళ్ళు పోనిచ్చి, ఆ తర్వాతి ధార కింద బకెట్లు, డ్రమ్ములు పెట్టండి. ఉతకడం బోరు నీళ్ళతోనే చేసుకోండి, మొదటి రెండు జాడింపులూ వాటితోనే కానివ్వండి. ఆఖరి జాడింపు మాత్రం వాన నీళ్ళతో చెయ్యండి. వాన నీరు లేని రోజున ఒక బకెట్ కాలువ నీళ్ళో, మంచినీళ్ళో ఇందుకు ఖర్చు పెట్టినా దండగ కాదు. బాగా పిండి, రెండోసారి కూడా అవే నీళ్ళలో ముంచి పిండితే ఉప్పు చాలా మటుకు పోతుంది. ఇంకో మాట. ఉప్పునీళ్ళలో సబ్బుకి నురగ రాదు కాబట్టి సర్ఫు రెట్టింపు వేస్తారు. ఆ పొడి మిగిలిపోయినా బట్ట చెమ్మగానే, జిగటగానే ఉంటుంది. నురగ చూసి కాదు, మురికి చూసి వెయ్యండి.

గంజి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మంగళగిరి, చీరాల నేత చీరలకి గంజి పెట్టకపోతే కళ ఉండదు, నిజమే. కానీ ముసురులో గంజి పెట్టకండి. ఆరడానికి ఆలస్యమైన గంజిబట్ట పులుస్తుంది, ఆ వాసన ఇస్త్రీతో పోదు. ఎండ వచ్చాక పెట్టుకోవచ్చు. కొత్త రంగు చీరల్ని తడిగా ముద్ద చేసి ఇతర బట్టలతో కలిపి ఉంచకండి, రంగు అంటుకుంటుంది.

ఆరేసే పద్ధతికి వద్దాం. మన ప్రాంతపు పాత పెంకుటిళ్ళలో మడి కట్టుకునే వాళ్ళ ఇంట్లో పైన, మనిషి చేతికి అందనంత ఎత్తులో, వాసాలకి తాళ్ళతో వేలాడదీసిన వెదురు గడ ఉండేది. బాపట్లలో మా పెద్దమ్మ తడి చీరని నాలుగు మడతలుగా పట్టుకుని, పొడుగాటి కర్ర కొసకి తగిలించి, పైకెత్తి గడ మీద పడేసి, ఆ కర్రతోనే మడతలు ఒక్కొక్కటీ విప్పేది. చెయ్యి తగలకుండా, అంచు అంచుకి తగలకుండా గడ పొడుగునా చీర పరుచుకునేది. మైల తగలకూడదని అలా కట్టుకున్నారు. కానీ ఆరడానికి కూడా అది చాలా మంచి చోటు. ఇంట్లో వెచ్చటి గాలి పైకే చేరుతుంది, పెంకుల సందుల్లోంచి బయటికి పోతుంది. వంటింటి పొయ్యి సెగ కూడా అక్కడికే పోతుంది. వానలు విడవని రోజుల్లో నూలు మడిబట్ట ఆరకపోతే పట్టుబట్టో ధావళో కట్టుకునేవాళ్ళు.

ఈ రోజు అపార్ట్‌మెంట్లలో కప్పీ తాళ్ళతో పైకి లాగే స్టీలు రాడ్లు పెట్టించుకుంటున్నారు. ఆ పాత గడకి ఇవి సరైన వారసులు. పెట్టించుకునే వాళ్ళకి ఒక సలహా. మూసేసిన బాల్కనీలో, గాజు తలుపుల వెనక పెట్టించవద్దు. హాల్లో గాని, రెండు కిటికీల మధ్య నడవాలో గాని పెట్టించండి. చూడ్డానికి బాగుండదంటారు. ఏడు నెలలు చెమ్మబట్టలు కట్టుకోవడం కంటే నయమే కదా. సీలింగు ఫ్యాను రెక్కల కంటే పైన మాత్రం ఉండకూడదు. ఫ్యాను గాలిని కిందికి తోస్తుంది, పైనున్న బట్టకి అందదు.

బట్టకీ బట్టకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత ఎడం ఉండాలి. చోటు చాలదని ఒకదాని మీద ఒకటి వేస్తే రెండూ ఆరవు. సగం బట్టలు ముందు వేసి, అవి ఆరాక మిగతా సగం వేస్తే మొత్తం తొందరగా అవుతుంది. అసలు ముసురు రోజుల్లో వారానికోసారి పెద్ద వాయి వెయ్యకుండా రోజూ కొద్దికొద్దిగా ఉతుక్కోవాలి. గోడకి ఆనించి వెయ్యకండి, జానెడు దూరం ఉంచండి, లేకపోతే ఆ చెమ్మంతా సున్నానికి పట్టి నల్లటి బూజు లేస్తుంది.

అయిదున్నర మీటర్ల చీరని ఒకే తాడు మీద రెండు పొరలుగా వేస్తే లోపలి వైపులు అతుక్కుపోతాయి. అడుగు ఎడంతో రెండు తాళ్ళు కట్టి, రెంటి మీదుగా వెయ్యండి. మధ్యలో గాలి పోయే సందు ఏర్పడుతుంది. ప్యాంటుని తిరగేసి, నడుము పట్టీని గుండ్రంగా తెరిచి ఉంచేలా రెండు మూడు క్లిప్పులతో వేలాడదీయండి, జేబులు బయటికి లాగండి. చొక్కాకి మందపాటి హ్యాంగరు వేసి, కాలరు పైకి లేపి, బొత్తాలు విప్పి ఉంచండి. నీరు కిందికి దిగి అంచుల్లో చేరుతుంది కాబట్టి గంట తర్వాత ఒకసారి వెళ్ళి అంచులు పిండి, బట్టని తలకిందులుగా తిప్పి వెయ్యండి. కళ్ళాల్లో ధాన్యం తిరగేసే రైతులకి ఇది వేరే చెప్పక్కర లేదు.

ఏ బట్ట ముందు ఆరుతుందో తెలిసి ఉండటం కూడా మంచిది. నూలు దారం మామూలు గాలిలో ఉన్నప్పుడే తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా తేమ పట్టి ఉంచుతుంది. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే పాలియెస్టర్ కలిసిన యూనిఫాం రాత్రి ఫ్యాను కింద ఆరుతుంది, జీన్సు ప్యాంటు ఆరదు. వానాకాలానికి మందపాటి టర్కీ తువ్వాళ్ళు పక్కన పెట్టి మన పల్చటి నేత తువ్వాళ్ళు వాడండి. ఒళ్ళు తుడుచుకోవడానికి అవే హాయి, ఆరడానికీ అవే సుళువు, మన చీరాల, వేటపాలెం మగ్గాలకి కూడా నాలుగు డబ్బులు వస్తాయి.

ఫ్యాను కరెంటు గురించి భయం వద్దు. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు. రాత్రి ఎనిమిది గంటలు తిరిగితే ముప్పాతిక యూనిట్ కూడా కాదు, 0.6 యూనిట్. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు ముప్పై వాట్లతో తిరుగుతాయి, పావు యూనిట్‌తో రాత్రి గడిచిపోతుంది. వేడిగాలి యంత్రం ఒక వాయికి రెండు మూడు యూనిట్లు తింటుంది. టేబులు ఫ్యాను ఉంటే నేల మీద పెట్టి, బట్టల అంచులకి తగిలేలా ఏటవాలుగా పైకి తిప్పండి. వెనకవైపు తెరిచిన కిటికీ ఉండేలా, అంటే కొత్త గాలిని లాక్కునేలా పెట్టండి. ఏసీ ఉన్న వాళ్ళు దాన్ని డ్రై మోడ్‌లో పెట్టుకోవచ్చు. ఏసీ గాలిలోని నీటిని తీసి గొట్టంలోంచి బయటికి పంపుతుంది. గది తలుపులు మూయవలసింది ఆ ఒక్కప్పుడే.

వాసన. 2012లో జపాన్ పరిశోధకులు తడిబట్టల ముక్క వాసనకి కారణమయ్యే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. దాని పేరు మొరాక్సెల్లా ఒస్లోఎన్సిస్. మన ఒంటి మీద నుంచి, చెమట నుంచి బట్టకి చేరుతుంది. బట్ట తడిగా ఉన్నంతసేపూ పెరుగుతుంది. ఆరితే చావదు, ఊరికే పడి ఉంటుంది, మళ్ళీ చెమట తగలగానే లేస్తుంది. ఇస్త్రీ చేసిన చొక్కా బస్సెక్కగానే వాసన రావడానికి కారణం ఇదే. సెంటు వాసన లిక్విడ్లు దీనికి మందు కావు. వాసన పట్టిన తెల్లబట్టల్ని, తువ్వాళ్ళని చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళలో అరగంట నానబెట్టి ఉతకండి. ఉతికిన బట్టల్ని మిషన్లో, బకెట్‌లో వదిలెయ్యకుండా వెంటనే తీసి ఆరేయండి. రాత్రి పడుకునేటప్పుడు మిషన్ వేసి పొద్దున తీసే అలవాటు ముసురులో పనికిరాదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకి కూడా ఈ బాధ ఉంది. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో చలికి కిటికీలు బిగించి, హీటరు పక్కన బట్టలు ఆరేస్తే గోడల మూలల్లో నల్లగా బూజు పడుతుంది. వాళ్ళకీ చెప్పండి. అక్కడ బయట అయిదు డిగ్రీల చలిలో వాన పడుతున్నా సరే, ఆ గాలి లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ నలభై శాతానికి పడిపోతుంది. మనకంటే వాళ్ళకే కిటికీ ఎక్కువ పని చేస్తుంది. కాసేపు తీసి మూసినా చాలు.

బాలింత ఉన్న ఇంట్లో పొత్తిళ్ళు ఆరడం పెద్ద సమస్య. పూర్వం కుంపట్లో నిప్పులు వేసి, వాము, సాంబ్రాణి చల్లి, పైన వెదురు గంప బోర్లించి, దాని మీద గుడ్డలు పరిచేవాళ్ళు. గుడ్డ వెచ్చగా, వాసనగా ఆరేది. ఇప్పటికీ కొందరు చేస్తారు. అది పెరటి వసారాలో, గాలి ఆడే చోట చెయ్యవలసిన పని. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు, వాసనా ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పసిబిడ్డ ఉన్న గదిలో అయితే అసలే వద్దు. గ్యాసు పొయ్యి మీద తీగ కట్టి బట్టలు వేలాడదీయడం కూడా మానండి. పొత్తిళ్ళకి తువ్వాలు చుట్ట పద్ధతి, ఆ తర్వాత ఇస్త్రీ, ఆ తర్వాత ఫ్యాను గాలి. ఇస్త్రీ వేడికి మిగిలిన చెమ్మ ఆవిరవుతుంది, కానీ వెంటనే మడత పెట్టెయ్యకుండా పావుగంట గాలికి ఉంచాలి. ఉబ్బసం ఉన్న పిల్లలు, పెద్దవాళ్ళు పడుకునే గదిలో మాత్రం తడిబట్టలు ఆరేయకండి.

ఇక ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: దండెం దగ్గర కరెంటు ప్రమాదం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకి తొంభై, వంద కిలోమీటర్ల గాలి. అలాంటి రోజుల్లో కరెంటు తీగలు తెగుతాయి, సర్వీసు వైర్ల తొడుగులు చిట్లుతాయి. మన ఇళ్ళల్లో దండెం అంటే చాలాచోట్ల ఇనప తీగ. ఒక కొస కిటికీ ఊచకి, రెండో కొస కరెంటు మీటరు పక్కనున్న మేకుకో, రేకుల షెడ్డు స్తంభానికో కడతాం. సర్వీసు వైరు ఎక్కడైనా ఆ రేకుకి గాని, తీగకి గాని ఒరుసుకుంటే దండెం అంతా కరెంటే. తడిచేతులతో, తడినేల మీద నిలబడి, తడిబట్ట దాని మీద వేసే మనిషి ఏమవుతుందో చెప్పనక్కర లేదు. ఏటా వానాకాలంలో బట్టలు ఆరేస్తూ విద్యుదాఘాతానికి పోయిన తల్లుల గురించి, వాళ్ళని పట్టుకోబోయి పోయిన భర్తల గురించి, పిల్లల గురించి పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఒక్క తాడు మారిస్తే తప్పే చావులివి.

ఇనప తీగ విప్పేయండి. నైలాన్ తాడు గాని, ప్లాస్టిక్ తాడు గాని కట్టండి. ఊరి బయట సంతలో కూడా దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. కప్పీ రాడ్లు స్టీలువి అయితే వాటి దగ్గరికి ఏ వైరూ, ఏ హోల్డరూ రాకుండా చూడండి. ఫ్యాను ప్లగ్గు తడిచేత్తో పెట్టకండి, ఎక్స్‌టెన్షన్ బాక్సుని బట్టల నీళ్ళు కారే చోట నేల మీద ఉంచకండి. మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని ఎలక్ట్రీషియన్‌ని అడగండి. కరెంటు మనిషిలోంచి నేలకి పారితే రెప్పపాటులో అది లైను కట్ చేస్తుంది. ఎవరికైనా దండెం దగ్గర షాక్ తగిలితే పరుగెత్తుకెళ్ళి పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కర్రతో, పొడిగా ఉన్న దాని మీద నిలబడి, తీగని పక్కకి తొయ్యండి. తెగి పడిన తీగ కనిపిస్తే దగ్గరికి ఎవరినీ పోనివ్వకుండా 1912కి ఫోన్ చెయ్యండి.

వాన మళ్ళీ మొదలవక ముందే మీ ఇంటి దండెం రెండు కొసలూ ఎక్కడెక్కడ కట్టి ఉన్నాయో వెళ్ళి చూడండి. మీ ఇంట్లో చూశాక పక్కింట్లో ఒంటరిగా ఉంటున్న పెద్దావిడ దండెం కూడా చూసి రండి.